ఆ గిన్నెలు చెత్త కావు

నేను వెళ్లేసరికి ట్రాక్టర్ ట్రాలీ సగానికి పైగా నిండింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో మూతపడిన పాత హాస్టల్ మెస్సు ముందు ఖాళీ జాగాలో రెండు వరుసలుగా పెట్టి ఉన్న గిన్నెలు, పళ్లాలు, చెంబులు, టిఫిన్ డబ్బాలు తట్టలకెక్కి ట్రాలీలో పడుతున్నాయి. స్టీలు మీద స్టీలు పడితే వచ్చే ఆ చప్పుడు పెళ్లిళ్లలో గిన్నెలు కడిగే చోట వింటాం. అక్కడ అది బాధపెట్టదు. ఇక్కడ ప్రతి దెబ్బకూ ఒక సొట్ట పడుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

నలుగురు ఆడవాళ్లు ఎత్తుతున్నారు. దుమ్ముకు ముఖాలకు చున్నీలు కట్టుకున్నారు. పక్కన ఒక సూపర్‌వైజరు ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"ఏందిది? ఎవరు తీయమన్నరు?" అని అడిగాను.

"ఎల్లుండి తనిఖీ కమిటీ వస్తున్నది సార్. క్యాంపస్ మొత్తం క్లీన్ జెయ్యమని ఆర్డర్."

"ఇది చెత్త కాదయ్యా. ప్రదర్శన."

అతను అప్పుడు తలెత్తి నన్ను, తర్వాత ఆ నేలను చూశాడు. "ప్రదర్శనంటే టెంట్ ఉంటది, బ్యానర్ ఉంటది, నాలుగు కుర్చీలుంటయి. గీడ ఏమున్నది సార్? చీమలు పట్టిన గిన్నెలున్నయి."

ఆ గిన్నెలను అక్కడ పెట్టిన శిల్పికి ఫోన్ చేశాను. ఆమె ఆ రోజు నల్గొండ దిక్కు వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది. నేను చెప్పింది పూర్తిగా వినకుండానే, "ఆపండి సార్. అవి నావి కావు. ఎట్లనన్న ఆపండి, నేనొస్తున్న" అంది.

నేను ఆపలేదు. ఆపడమంటే ట్రాక్టరు ముందు నిలబడాలి, లేదా ఆ తట్ట పట్టుకోవాలి, లేదా కనీసం గొంతు పెంచాలి. ముప్ఫై ఏళ్లకు పైగా దినపత్రికలో పనిచేసిన వాణ్ని. జరిగేదాన్ని చూడడం, గుర్తుపెట్టుకోవడం, ఫోటో తీయడం నా ఒంటికి పట్టిన పని. జేబులోంచి ఫోన్ తీసి నాలుగు ఫోటోలు తీశాను. ట్రాలీ నిండింది, వెళ్లిపోయింది. వెనకే ఒకామె వచ్చి నేలంతా ఊడ్చింది. ఇంకొకామె సున్నంతో గీతలు గీసింది. పావుగంటలో అక్కడ ఏదో ఉండేదన్న ఆనవాలు కూడా లేదు. ఆ సున్నపు గీతలు మటుకు చాలా తిన్నగా ఉన్నాయి. ఆ తిన్నదనం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

రిటైరయ్యాక నేను తార్నాకలోనే ఉంటున్నాను. పొద్దున్నే మెట్రో స్టేషను కింద టీ తాగి, క్యాంపస్ లోపలికి నడుస్తాను. ఆ శిల్పి నాకు పరిచయమైంది ఆ నడకలోనే. నలభై దాటిన మనిషి. అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంది. ఉద్యోగం లేదు. లాలాపేటలో ఒక గది అద్దెకు తీసుకుని, చిన్న పిల్లలకు మట్టిబొమ్మలు నేర్పుతూ బతుకుతుంది. రాయి చెక్కదు, కంచు పోయదు. ఇళ్లలో వాడే వస్తువులనే ఒక చోట చేర్చి పెడుతుంది. వాటిని విరగ్గొట్టదు, అతికించదు, రంగు వేయదు. ఎక్కడ పెట్టాలి, ఏ పక్కకు తిప్పిపెట్టాలి, ఎంత ఎడం ఉంచాలి అన్నదే ఆమె పని. ఒక చెంబును అరచేతి వెడల్పు జరపడానికి అరగంట తీసుకోవడం నేను చూశాను.

మెస్సు ముందు ఆమె పెట్టింది భోజనాల బంతి. పెళ్లిలోనో దినాల్లోనో ఎదురెదురుగా రెండు వరుసల్లో కూర్చుంటాం కదా, అట్లా. మనుషులు లేరు, గిన్నెలే కూర్చున్నాయి. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చిన టిఫిన్ క్యారియరు పక్కన, క్యాంపస్ గోడను ఆనుకుని ఉన్న బస్తీ నుంచి వచ్చిన సొట్టల పళ్లెం. దాని పక్కన హబ్సిగూడలో ఒక ప్రొఫెసర్ గారింటి పాలగిన్నె. "బయట బంతిల ఎవరి పక్కన ఎవరు కూసుంటరో మనకెరుకే గద సార్. గీడ నేను కూసోబెట్టినట్టు కూసుంటరు" అని ఒకసారి నవ్వుతూ చెప్పింది.

ఆమె గిన్నెలు తెచ్చే పద్ధతి మరీ మొండిది. ఇంటింటికీ వెళ్లి, "మీరు రోజూ వాడే గిన్నె ఏది? అది నెలరోజులు నాకియ్యండ్రి" అని అడిగేది. చాలామంది అటకెక్కి పాతవి తీసి ఇవ్వబోయేవారు. "అటక మీదిది వద్దమ్మా, పొయ్యి మీదిది కావాలె" అనేది. ఆ నెలరోజులూ ఆ ఇంట్లో ఆ గిన్నె లేదన్న లోటు తెలియాలి. అన్నం వండబోయి చెయ్యి దానికోసం వెతుక్కోవాలి. మెస్సు ముందు కనబడే గిన్నెతో పాటు, ఇంట్లో కనబడని ఆ గిన్నె కూడా తన పనిలో భాగమే అనేది. విన్నవాళ్లు కొందరు వింతగా చూసి తలుపేసుకున్నారు. ఇచ్చినవాళ్లు మటుకు ఇష్టంగా ఇచ్చారు. గిన్నెను ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి అందులో ఏదో ఒకటి వేసే ఇచ్చారు. గుప్పెడు బియ్యం, బెల్లం ముక్క, రెండు ఎండు మిరపకాయలు. ఆమె వాటిని అలాగే ఉంచింది. అందుకే చీమలు. అందుకే ఉడతలు కూడా.

దాదాపు ప్రతి గిన్నె మీదా చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరుంది. కొన్నప్పుడు దుకాణంవాడితో మన ఇళ్లలో అందరం కొట్టించే పేరే. పెళ్లికి ఎవరు పెట్టారో, ఎవరి జ్ఞాపకార్థం పంచారో, అది కూడా. వాటి మెడకు ఆమె ఒక పసుపు దారం కట్టి, చిన్న అట్టముక్క మీద ఏ ఇంటిదో రాసింది. కళ్లున్న ఎవరికైనా అవి ఎవరివో ఒకరివని తెలుస్తుంది.

వాటిలో ఒక సత్తు గిన్నె ఉండేది. అల్యూమినియాన్ని మా దిక్కు సత్తు అంటాం. అడుగు నల్లబడి, అంచు ఒకచోట లోపలికి వంగి ఉండేది. అది క్యాంపస్‌లోనే ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలిది. అంతకుముందు ఆమె తల్లిది. ఆ హాస్టలు కట్టేటప్పుడు ఆ తల్లి అక్కడ ఇటుకలు మోసింది. పొద్దున్నే ఆ గిన్నెలోనే జొన్న గటక తెచ్చుకుని, మధ్యాహ్నం ఆ గోడ నీడలోనే తినేదట. చదువు రాని మనిషి. గిన్నె కొన్నప్పుడు పేరు కొట్టించుకుని, అది తన పేరేనా అని ఇద్దరు ముగ్గురితో చదివించుకుందట. కూతురు ఈ మాటలు చెబుతూ గిన్నె ఇచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"మా అమ్మ దీంట్లె తిన్న జాగనే గదా మేడం ఇది. పెట్టుండ్రి. ముందటి వరుసల పెట్టుండ్రి" అంది.

ముందటి వరుసలోనే పెట్టింది.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. నేను పనిచేసిన పత్రికకు అప్పుడప్పుడూ ఒక ముక్క రాసిస్తుంటాను. ఈ గిన్నెల బంతి మీద కూడా రాశాను. మొదటి వాక్యం ఇది: "జనం పారేసిన గిన్నెలే ఆమెకు ముడిసరుకు." డెస్కు దానికి "చెత్తలోంచి కళ" అని హెడ్డింగు పెట్టింది. ఇట్లాంటి వార్త వస్తే మా వాళ్లకు ఈ హెడ్డింగు తప్ప ఇంకోటి తోచదు. సీసా మూతలతో బొమ్మ చేసినా, పాత టైర్లతో ఏనుగు చేసినా అదే పెడతాం. నేను డెస్కులో ఉన్న రోజుల్లో నేనూ పెట్టాను. కానీ హెడ్డింగు డెస్కుది అని తప్పించుకోవడానికి నాకు వీల్లేదు. పారేసిన గిన్నెలు అన్న మాట నాది. అవి ఎవరూ పారేసినవి కావని, అడిగి తెచ్చినవని, తిరిగి ఇవ్వాల్సినవని నాకు తెలుసు. తెలిసీ రాశాను. వాక్యం చేతికి అలవాటుగా వచ్చింది, వచ్చినట్టు పంపేశాను.

ఆమె చదివి, కాగితం మడిచి ఇచ్చింది. "బాగున్నది సార్. పారేసినవి మాత్రం కావు గదా" అంది. నేను ఏదో గొణిగాను.

కమిటీ వచ్చి వెళ్లేదాకా క్యాంపస్‌లోకి బయటివాళ్లను రానివ్వలేదు. ఆ తర్వాతే ఇద్దరం, క్యాంపస్ శుభ్రం చూసే విభాగం ఆఫీసుకు వెళ్లగలిగాం. నెలరోజులు ప్రదర్శన పెట్టుకోవచ్చని కళల శాఖ ఇచ్చిన కాగితం ఆమె దగ్గర ఉంది. అధికారి దాన్ని వెనకా ముందూ తిప్పి చూశాడు.

"దీంట్ల శిల్ప ప్రదర్శన అని ఉన్నది మేడం. శిల్పమంటే విగ్రహం గదా. మా స్టాఫ్ పోయి చూస్తే గాడ విగ్రహం లేదు."

"గిన్నెలున్నయి గద సార్."

"గిన్నెలున్నయి. గిన్నెలు మా మెస్సుల గూడ ఉన్నయి. వాటిని శిల్పం అంటమా? పోనీ ఒక బోర్డన్న పెట్టాలె గదా మీరు."

"బంతిల కూసున్నోళ్ల ముందట బోర్డు పెడతరా సార్ ఎవరన్న?"

అతను నా వైపు తిరిగాడు. వయసులో పెద్దవాణ్ని కాబట్టి నాతో మాట్లాడడం తేలికనుకున్నాడేమో. "మీరైనా చెప్పుండ్రి పెద్దాయనా. ఇంతకీ ఇవి చెత్త అని మేం అన్నమా? పేపరోళ్లే అన్నరు." ఫైలు తెరిచి ఒక కత్తిరింపు బయటకు తీశాడు. అది నేను రాసిందే. పైన తేదీ వేసి, ముద్ర కొట్టి, కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. జనం పారేసిన గిన్నెలే ఆమెకు ముడిసరుకు.

నా జీవితంలో నేను రాసిన దేన్నీ ఏ ప్రభుత్వ ఆఫీసూ అంత శ్రద్ధగా దాచుకోలేదు. రోడ్ల గురించి రాశాను, హాస్టళ్లలో నీళ్ల గురించి రాశాను, ఒక్క ముక్క ఫైలుకెక్కలేదు. తప్పు రాసింది ఎక్కింది.

"అది రాసింది నేనే. తప్పు రాసిన" అన్నాను.

"అయ్యో, మీరేనా సార్! మంచిగ రాసిండ్రు" అన్నాడతను. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు.

తర్వాత చాలా మర్యాదగా ఒక మాట చెప్పాడు. ఎన్ని గిన్నెలు పోయాయో లిస్టు రాసిస్తే కొత్తవి కొనిపిస్తాడట. పాతవాటికంటే మంచివట. కావాలంటే వాటి మీద యూనివర్సిటీ పేరు కొట్టిస్తాడట. ఎవరి తల్లి పేరో ఉన్న గిన్నెను తీసుకెళ్లి తూకానికి వేసి, దాని బదులు తమ పేరు కొట్టిన గిన్నె ఇస్తామని చెప్పడానికి మనిషికి ఎంత నిబ్బరం ఉండాలి! అతని ముఖంలో నిబ్బరం కూడా లేదు. ఏ తేడా కనబడని ప్రశాంతత ఉంది.

శిల్పి గొంతు పెంచలేదు. "కొత్తవి వద్దు సార్. ఒక్క వాక్యం రాసియ్యుండ్రి. అవి చెత్త కాదు, జనం ఇండ్లళ్ల సామాన్లు, మేం పొరపాటున తీసినం అని. ఆ కాగితం పట్టుకొని నేను ఇంటింటికి పోత."

"గట్ల ఎట్ల రాస్త మేడం? రాస్తే మేం తప్పు చేసినట్టయితది."

అదీ సంగతి. ఆమె అడిగింది ఆ ఒక్క వాక్యమే. ఇప్పటికీ అదే.

గిన్నెలు మౌలాలి వైపు ఒక పాత సామాన్ల గోదాముకు వెళ్లాయని ట్రాక్టరు డ్రైవరు చెప్పాడు. ఆ గోదాము పెద్దాయన మమ్మల్ని చూసి మొదట విసుక్కున్నాడు. ఆమె విషయం చెబుతుంటే మధ్యలోనే ఒక పళ్లెం తీసి, అద్దాలు పెట్టుకుని దాని మీద పేరు చదివాడు.

"నాకు అప్పుడే షక్ వచ్చింది బేటా, డౌటు. దీనికి దారం ఉన్నది, చిట్టీ ఉన్నది. ఇంట్ల చలామణిల ఉన్న సామాన్ ఇది. కబాడీల ఇట్ల రాదు. ఆఫీసుకు ఫోన్ జేసి అడిగితే అంతా కచరానే అన్నరు. తీసుకపో, నీకెన్ని దొరికితే అన్ని తీసుకపో."

ఆ రోజంతా వెతికాం. స్టీలువి చాలావరకు దొరికాయి, సొట్టలతో. దారాలు కొన్నింటికే మిగిలాయి. సత్తు గిన్నె దొరకలేదు. సత్తు సామాను వచ్చింది వచ్చినట్టే వేరుచేసి కరిగించే చోటికి పంపిస్తారట. కమిటీ భోంచేసి వెళ్లే లోపలే ఆ లోడు వెళ్లిపోయింది.

దొరికిన గిన్నెల్లో చక్కెర పోసి, ఆమె ఇంటింటికీ తిరిగి ఇచ్చింది. కొన్ని ఇళ్లకు నేనూ వెంట వెళ్లాను. తిడతారనుకున్నాను. తిట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఒకావిడ తన గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమమ్మా, యూనివర్సిటీల చదువుకోని వస్తది అనుకున్న. ఏం పాసైంది మా గిన్నె?" అంది.

"ఫెయిలయింది అక్కా."

"మా పెద్దోడు గూడ అంతే తియ్. ఆడికి పోతే మూతి సొట్ట పడ్డది గని పాసయింది లేదు." ఇద్దరూ నవ్వారు. గుమ్మం దాటి మెట్లు దిగాక శిల్పి కాసేపు అక్కడే కూర్చుండిపోయింది.

ఊడ్చే ఆమె ఇంటికి మటుకు ఖాళీ చేతులతో వెళ్లాల్సి వచ్చింది. క్యాంపస్ గోడ అవతలే ఇల్లు. గది ముందు రేకుల కింద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. శిల్పి మాటలు వెతుక్కుంటుంటే ఆమే మొదలుపెట్టింది.

"దొరకలేదని చెప్పనీకె వచ్చిండ్రు గదా. నాకెరుకే మేడం. నా చేతుల్తోనే ఎత్తి ఏసిన."

శిల్పి తలెత్తి చూసింది.

"ఆ దినం డ్యూటీల నేనే ఉంటి. నేను సూపర్‌వైజర్ సార్‌తోటి చెప్పిన. ఇవి ఇండ్లళ్ల సామాన్లు సార్, మేడం అడిగి తెచ్చింది, అండ్ల నాది గూడ ఉన్నది అన్న. 'నీది గూడ ఉన్నదా? అయితే నీది నువ్వే ఎత్తు' అన్నడు. నవ్విండు ఇంకా. నేను అటిటు చూసిన. కడుమోళ్లు ముగ్గురు తలకాయలు కిందికేసిండ్రు. ఎత్తిన."

నా ఫోన్‌లో ఆ ఫోటోలున్నాయి. ఇంటికొచ్చి మళ్లీ చూశాను. మూడోదాంట్లో ఒకామె ఒంగి సత్తు గిన్నె పట్టుకుని ఉంది. ముఖానికి చున్నీ. నేను పది అడుగుల దూరంలో నిలబడి, వెలుతురు సరిగా పడుతోందా లేదా అని చూసుకుంటున్న క్షణం అది.

శిల్పి రాసిచ్చిన అర్జీకి ఆఫీసు నుంచి లిఖితపూర్వకంగా జవాబు వచ్చింది. సదరు వస్తువులు ఇతరులకు చెందినవని సిబ్బందికి ఎవరూ తెలియజేయలేదు గనుక పొరపాటు అన్న ప్రశ్న తలెత్తదు అని అందులో ఉంది. పచ్చి అబద్ధం. చెప్పిన మనిషి ఉంది. ఎప్పుడు చెప్పిందో, దానికి ఏం జవాబు వచ్చిందో మాకు తెలుసు. ఆమె ఒక్క సంతకం పెడితే ఆ జవాబు నిలబడదు. ఆ వాక్యం రాసివ్వక తప్పదు.

"ఆమెను అడుగుదాం" అన్నాను.

"అడగను" అంది శిల్పి.

"ఒక్క సంతకమే కదమ్మా."

అప్పుడు ఆమె నా మీద మొదటిసారి, ఆఖరిసారి కోపం చేసింది. "మీకు వార్త కావాలె సార్. నాకు కాగితం కావాలె. ఆమెకు నౌకరి కావాలె. సంతకం పెట్టిన తెల్లారి ఆమెను గేటు కాడ ఆపుతరు. మీరు ఫోటో తీస్తరా అప్పుడు?"

నా వంతుగా పత్రికకు ఫోన్ చేసి, నేను రాసిన ముక్కకు సవరణ వేయమన్నాను. అవతల కుర్రవాడు మర్యాదగానే, "వచ్చి చాలా రోజులైంది కద సార్, ఇప్పుడు సవరణ ఎవరు చదువుతరు?" అన్నాడు. చదివేవాళ్ల కోసం కాదు, ఫైల్లో పెట్టడానికి అన్నాను. అతనికి అర్థం కాలేదు. సవరణ రాలేదు.

కొన్ని నెలలు గడిచాయి. క్యాంపస్‌లో ఊడ్చే కాంట్రాక్టు వేరేవాళ్లకు వెళ్లింది. కొత్త కాంట్రాక్టరు వయసులో చిన్నవాళ్లను పెట్టుకుని, పాతవాళ్లలో సగం మందిని తీసేశాడు. అందులో సత్తు గిన్నె ఇచ్చిన ఆమె ఒకతె. గుర్తింపు కార్డు వెనక్కి తీసుకుని పంపేశారు. తొమ్మిదేళ్లు చేసిన పని. ఇప్పుడు హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంటులో మెట్లు కడుగుతోంది. ఈ విషయం నేను రాయగలుగుతున్నది అందుకే. రాయొచ్చా అని అడిగితే, "పేరు పెట్టకుండ్రి. కడుమదంత రాయుండ్రి" అంది.

పని పోయిన వారానికి ఆమే లాలాపేటలో శిల్పి గదికి వెతుక్కుంటూ వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఇప్పుడు రాయుండ్రి మేడం. ఏం రాయాల్నో రాయుండ్రి, సంతకం పెడత. ఇగ నా దగ్గర ఏం గుంజుకుంటరు వాళ్లు?"

నేను రాశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట నాది కలపకుండా. చదివి వినిపించాను. ఒకచోట ఆపింది. "'నవ్వాడు' అని రాసిండ్రు. ఉట్టిగ నవ్వలే సార్. నన్ను చూసి నవ్విండు." అలాగే మార్చాను. ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం దించి సంతకం పెట్టింది.

ఆ కాగితాన్ని ఫోటోలతో పాటు ఇచ్చి వచ్చాం. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. ఫోటోలోని వ్యక్తుల ముఖాలు కప్పబడి ఉన్నందున గుర్తించుట సాధ్యం కాదు. వాంగ్మూలం ఇచ్చిన మహిళ సంస్థ ఉద్యోగి కాదు. సదరు తేదీన ఆమె విధుల్లో ఉన్నట్లు ఆధారం జతపరచలేదు.

మూడు వాక్యాలూ చదివి వినిపిస్తే ఆమె, "నేను ఆడ పనే చెయ్యలేదంటున్నరా?" అంది.

అట్లా అనలేదు, ఆధారం అడుగుతున్నారు అని చెప్పబోయి ఆగాను. ఆమె చెప్పిందే నిజం. వాళ్ల తల్లి ఇటుకలు మోసి కట్టిన గోడలకు కూతురు తొమ్మిదేళ్లు బూజు దులిపింది. పనిలో ఉన్నన్నాళ్లూ నోరు తెరిస్తే పని పోతుంది. పని పోయాక నోరు తెరిస్తే నువ్వెవరు అంటారు. ఎంతమందిని ఎన్ని రకాలుగా తీసేశారో రాస్తూ నేను జీతం తీసుకున్నాను కానీ, మనిషి పనిచేసిన సంగతినే ఇంత శుభ్రంగా ఊడ్చేయొచ్చని అనుకోలేదు.

కాంట్రాక్టు పనివాళ్లు రోజూ పొద్దున్నే ఒక హాజరు రిజిస్టరులో వేలిముద్రో సంతకమో వేసేవాళ్లు. ఆ రోజు కూడా వేశానని ఆమె అంటోంది. ఆ పేజీ దొరికితే ఆధారం దొరికినట్టే. పాత కాంట్రాక్టరును కలిశాం. కాంట్రాక్టు అయిపోయిన రోజే రిజిస్టర్లన్నీ ఆఫీసుకు అప్పజెప్పానన్నాడు. అప్పజెప్పినట్టు రసీదు ఉందా అంటే, అట్లాంటివి ఎవరూ ఇవ్వరన్నాడు. ఆఫీసులో అడిగితే, పనివాళ్ల రిజిస్టర్లు కాంట్రాక్టరు దగ్గరే ఉంటాయని, తాము ఏనాడూ తీసుకోలేదని చెప్పారు. శిల్పి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. ఆ రిజిస్టరు ఎవరి దగ్గర ఉందో ఇది రాస్తున్న రోజు వరకు ఎవరూ కాగితం మీద చెప్పలేదు.